పన్నెండు పాయింట్లు వద్దు, ఒక్క ఏరు చాలు

2023 డిసెంబర్ నుంచి మనవాళ్ళు వీసా లేకుండా మలేషియా వెళ్తున్నారు. అప్పటినుంచి హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో కౌలాలంపూర్ ప్యాకేజీల పోస్టర్లకి లోటు లేదు. సెమ్ అయిపోగానే నలుగురు చేరి ప్లాన్ వేసేది కూడా వాటిని చూసే. అన్నిట్లోనూ ఒకటే లైను: "ఫుల్ డే సిటీ టూర్, 12 పాయింట్లు." నా గొడవంతా ఆ లైనుతోనే.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కదా, లెక్క వేద్దాం. పొద్దున తొమ్మిదికి బస్సెక్కితే సాయంత్రం ఆరింటికి దింపుతారు. భోజనానికి గంట తీసేస్తే ఎనిమిది గంటలు, అంటే 480 నిమిషాలు. పన్నెండుతో భాగిస్తే పాయింటుకి నలభై. అందులో ట్రాఫిక్కు, బస్సు ఎక్కడం దిగడం, "మావాడింకా రాలేదు సార్" అని ఆగడం పోను మిగిలేది పావుగంట. పావుగంటలో సెల్ఫీ తప్ప ఏమవుతుంది? పైగా ఆ పన్నెండులో చాక్లెట్ షాపు కూడా ఒక పాయింటే!

నేను చెప్పేది ఒక్కటే. చేతిలో ఒక్కరోజే ఉంటే, ఆ ఊరి ఏటిని పట్టుకోండి. పోయిన సెలవుల్లో మా బావా నేనూ అలాగే తిరిగాం. కేఎల్ సెంట్రల్, మస్జిద్ జమెక్, కంపుంగ్ బారు, కేఎల్‌సీసీ. ఈ నాలుగు స్టేషన్లూ ఒకే ఎల్ఆర్‌టీ లైను మీద ఉన్నాయి. రైలుకి డ్రైవర్ ఉండడు, కాబట్టి ముందు అద్దం దగ్గర నిలబడి ఊరంతా చూసుకుంటూ పోవచ్చు.

మస్జిద్ జమెక్ దగ్గర దిగితే క్లాంగ్, గొంబాక్ నదులు కలిసే చోటు కనిపిస్తుంది. ఆ రెండిటి మధ్య మొనలో 1909లో కట్టిన మసీదు ఉంటుంది. రాజమండ్రిలో గోదావరి చూసిన కళ్ళకి ఆ నదులు పంట కాలవల్లా అనిపిస్తాయి. కానీ ఊరికి పేరొచ్చింది వాటివల్లే. మలయ్ భాషలో క్వాలా అంటే నదులు కలిసే చోటు, లుంపూర్ అంటే బురద. 1857లో తగరం తవ్వడానికి 87 మంది చైనా కూలీలు పడవల్లో ఇక్కడిదాకా వచ్చి, అక్కణ్ణుంచి అడవిలో నడిచి అంపాంగ్ చేరారు. వాళ్ళలో చాలామంది కొద్ది రోజుల్లోనే మలేరియాతో పోయారు. తర్వాత ఇంకా కూలీలొచ్చారు. వాళ్ళకి సరుకులమ్మే కొట్లు ఈ బురద ఒడ్డున వెలిశాయి. అదే ఊరైంది.

అప్పట్లో అన్నీ చెక్క గోడలు, ఆకుల కప్పులు. 1881లో ఒకే ఏడాది అగ్నిప్రమాదం, వరద రెండూ వచ్చి ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత ఇటుక, పెంకులతోనే కట్టాలని రూలు పెట్టారు. ఇటుక బట్టీలు నడిచిన పేటకి బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేరు మిగిలింది. 1886లో క్లాంగ్ వైపు రైలు మార్గం పడింది. రైల్వే పనికి దక్షిణ భారతం నుంచి, సిలోన్ నుంచి వచ్చినవాళ్ళు బ్రిక్‌ఫీల్డ్స్‌లో స్థిరపడ్డారు. ఇప్పటి కేఎల్ సెంట్రల్ స్టేషన్ ఉన్నది కూడా ఆ పేటలోనే.

ఆ పేటలో మేం ఇడ్లీ తింటుంటే కౌంటర్ దగ్గరున్న పెద్దాయన మా మాటలు విని, "తెలుగోళ్ళా బాబూ? ఏ ఊరు మీది?" అన్నారు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చారట. ఆయనకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఉత్తరాంధ్ర నుంచి అలా మలయా తోటలకి వెళ్ళినవాళ్ళు చాలామంది. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో కూడా మనవాళ్ళు స్థిరపడ్డారు. తెలుగువాళ్ళకి తెలుగులో అమ్మే ప్యాకేజీలో ఈ కథకి ఒక్క నిమిషం కూడా లేకపోవడమే నాకు అన్నిటికంటే బాధగా ఉంది.

మధ్యాహ్నం వాన దంచింది. అక్కడ అది మామూలే. టూర్ బస్సు వాళ్ళకి వాన అంటే ఒక పాయింటు క్యాన్సిల్. కానీ ఆ ఊరిని అర్థం చేసుకోవడానికి వాన కంటే మంచి టైము లేదు. మన కాళ్ళ కింద 9.7 కిలోమీటర్ల సొరంగం ఉంది. పేరు స్మార్ట్, 2007లో తెరిచారు. దాని మధ్యలో మూడు కిలోమీటర్లు రెండంతస్తుల రోడ్డు. మామూలు రోజుల్లో కార్లు పోతాయి. వాన పెరిగితే రోడ్డు కింది భాగంలోంచి వరద నీళ్ళు పోతాయి. మరీ ఎక్కువైతే కార్లని ఖాళీ చేయించి, గేట్లు తెరిచి, సొరంగం మొత్తాన్ని నీళ్ళకి ఇచ్చేస్తారు. అలాగని వరద బాధ తీరిపోలేదు. 2021 డిసెంబర్‌లో క్లాంగ్ లోయ ఘోరంగా మునిగింది.

సాయంత్రం కంపుంగ్ బారులో దిగండి. ఊరి మధ్యలో మిగిలిన పాత మలయ్ పల్లె అది. చెక్క ఇళ్ళ వెనక పెట్రోనాస్ జంట టవర్లు కనిపిస్తాయి. ఆ టవర్ల ఎత్తు 452 మీటర్లని గైడు చెప్తాడు. కింద సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మొదట అనుకున్న చోట నేల కింద గుహలున్న సున్నపురాయి బయటపడటంతో టవర్లని 60 మీటర్ల దాకా పక్కకి జరిపారు. పైల్స్ కొన్ని 100 మీటర్లు దాటి కిందికి దిగాయి. 41, 42 అంతస్తుల దగ్గర టవర్లని కలిపే వంతెనని వాటికి గట్టిగా బిగించలేదు. గాలికి టవర్లు ఊగితే అదీ జరుగుతుంది. ఇవి తెలిశాక అదే ఫొటో తీసుకోండి, ఎవడొద్దన్నాడు?

"అంత డబ్బు పోసి వెళ్ళి నాలుగే చూసొస్తామా? బతు గుహల సుబ్రహ్మణ్యస్వామిని చూడకుండా వస్తే ఇంట్లో అమ్మ ఊరుకుంటుందా?" అంటారు. న్యాయమే. కేఎల్ సెంట్రల్ నుంచి పొద్దున్నే లోకల్ రైలెక్కితే 272 మెట్లూ ఎక్కి, 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం చూసుకుని, ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు. ఆ గుహలు కూడా సున్నపురాయిలో నీళ్ళు తొలిచినవే. పొద్దున స్వామి ఉన్న రాయి లాంటిదే సాయంత్రం చూసే టవర్లని పక్కకి జరిపింది. కాబట్టి ఇది కూడా ఏటి కథలో భాగమే. అమ్మ కోసం కాదు, మన కోసం వెళ్ళాలి.

ఇదంతా టూర్ సలహాగా మాత్రమే చెప్పట్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలే రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 1908లో మూసీ హైదరాబాద్‌ని ముంచాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇప్పుడు కృష్ణ ఒడ్డున రాజధాని కడుతున్నారు. మన బ్యాచ్‌లో కొందరు అందులో పనిచేస్తారు. ఊరిని ఎత్తుల లిస్టుగా చూడటం అలవాటైతే, డ్రాయింగ్ మీద ఏరు కూడా ఖాళీ స్థలంలాగే కనిపిస్తుంది. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, పునాది దేని మీద ఉంది, ఇటుక ఎవరు మోశారు అని అడిగే అలవాటు టూరిస్టుగా తిరిగే ఒక్కరోజులో కూడా వస్తుంది.

ఈసారి ఎవరైనా ఆ పోస్టర్ ఫార్వర్డ్ చేస్తే, గ్రూపులో ఒక్క ప్రశ్న పెట్టండి: "ఈ పన్నెండులో నది ఉందా?" మలేషియా దాకా వెళ్ళే బడ్జెట్ లేదంటారా, ఒక ఆదివారం బుడమేరు వెంట నడిచి రండి. బస్సు చార్జీలే ఖర్చు.