గోదావరి ఒడ్డున మన ఇరుగుపొరుగు

గోదావరి అనగానే రాజమహేంద్రవర వాసులమైన మనకు స్నానఘట్టాలు, వంతెనలు, పుష్కరాలు స్ఫురిస్తాయి. 1900లో రైళ్ళు నడవనారంభించిన హేవలాక్ వంతెన చరిత్రను మన విద్యార్థులు తడుముకోకుండా చెప్పగలరు. నీట మునిగి చేపను పట్టి, ఆపై రెక్కలారబెట్టుకొనే నల్లని పక్షి పేరడిగితే మాత్రం మౌనం వహిస్తారు. అది నీటికాకి.

పట్టణం పెరిగినకొద్దీ నది మనుషుల సొత్తే అన్న భావం మనలో బలపడినది. ఒడ్డున పెరిగే జమ్ము, తుంగ మన కంటికి చెత్త. వాటిని పెరికి రాతిమెట్లు కడితే సుందరీకరణ అంటున్నాము. ఆ జమ్ము మాటుననే చేపపిల్లలు పెరుగుతాయి. వాటికోసమే కొంగ, లకుముకిపిట్ట వస్తాయి. లంకలలో శరత్కాలాన పూచే రెల్లు తన వేళ్ళతో ఇసుకను పట్టి నిలుపుతుంది. పెరికివేయదగినది ఏదైనా ఉన్నదంటే, అది దక్షిణ అమెరికానుండి వచ్చి మురుగునీట బలిసే గుర్రపుడెక్క.

భాష బోధించే మాకు పులస కథ మరింత ప్రీతికరం. సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. వరదనీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి వచ్చినప్పుడు పులస. ఏ శాస్త్రగ్రంథమూ చదవని జాలరి ఆ చేప వలసను పేరులోనే భద్రపరచినాడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే మనం, అది ఏ దారిన వస్తున్నదో విచారించము. ధవళేశ్వరంలో 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, తరువాత దాని స్థానే వచ్చిన బ్యారేజీ డెల్టాకు అన్నం పెట్టినవి. మనం తింటున్నదీ ఆ అన్నమే. అయినను ఎదురీదే చేపకు అది గోడయే. ఆ నష్టాన్ని కూడ లెక్కలో వ్రాయవద్దా?

దిగువన గౌతమీ ముఖద్వారం వద్ద ఈ నదినీరే కోరింగ మడ అడవులకు ప్రాణాధారం. 1978లో అభయారణ్యమైన ఆ చోట బావురుపిల్లులు, నీటికుక్కలు జీవిస్తున్నాయి. మనం నదిలో వదిలే మురుగు పోయేదీ ఆ దిక్కుకే.

కనుక మన కళాశాల వృక్ష, జంతుశాస్త్ర శాఖలు తెలుగు, ఉర్దూ శాఖలతో కలిసి ఒక నదీ పట్టిక నిర్వహించాలని మా అభిప్రాయం. నెలకొకసారి ఒకే రేవుకు పోయి, కనిపించిన ప్రతి మొక్కకు, ప్రాణికి జాలరి చెప్పే పేరు, ఉర్దూ పేరు, శాస్త్రనామం పక్కపక్కనే వ్రాయాలి. లకుముకి ఉర్దూలో రామ్‌చిడియా అని మనలో ఎందరికి తెలుసు? అయితే తెల్లవారుజామునే పోవాలి. ఎండ ఎక్కితే రేవులో పక్షులూ ఉండవు, పేర్లు చెప్పే జాలరులూ ఉండరు.