కొల్లేటిలోని ‘టి’

సరస్సు పేరు కొల్లేరు. దాని నడుమ లంకలో ఉన్న ఊరి పేరు మాత్రం కొల్లేరుకోట కాదు, కొల్లేటికోట. కోట వచ్చి పక్కన నిలబడేసరికి ‘రు’ తప్పుకుంది, ‘టి’ వచ్చి కూర్చుంది. ఆ ఊళ్ళో కొలువున్న అమ్మవారు పెద్దింట్లమ్మ. ఆ పేరు విప్పి చూస్తే అందులోనూ ‘ఇల్లు’ కాస్తా ‘ఇంటి’ అయి నలిగినట్టు కనిపిస్తుంది. ఫాల్గుణంలో జాతరకు వచ్చేవాళ్ళూ, ఏడాది పొడుగునా తాటిదోనెల మీద తిరిగి వల వేసేవాళ్ళూ ఈ మాటల్ని ఆలోచించకుండానే అంటారు. ‘తాటిదోనె’లో ఉన్నదీ ఆ ‘టి’యే.

తెలుగు చదువుకున్న ప్రతివాడికీ ఈ ‘టి’ సంగతి చెప్పింది పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం. 1858 నాటి ఆ పుస్తకం ఇ, టి, తి అనే మూడింటినీ ఔపవిభక్తికాలంటుంది. ఊరు ‘ఊరి’ అవుతుంది, ఏరు ‘ఏటి’ అవుతుంది, చేయి ‘చేతి’ అవుతుంది. మాట ఇలా రూపు మార్చుకుందంటే దాని వెనక ఇంకేదో రాబోతోందని గుర్తు: ఊరి మీద, ఏటి గట్టున, చేతి కింద. వాక్యంలో నామవాచకానికీ మిగతా మాటలకీ బంధుత్వం కలిపే ఏర్పాటు ఇది. ఇంగ్లీషులో ఆ పని చేసే మాటల్నే ప్రిపొజిషన్లంటారు.

ఈ ఏర్పాటంతా తెలుగు పిల్లకు బడికి వెళ్ళకముందే వచ్చు. ‘ఇల్లులో’ అనదు, ‘ఇంట్లో’ అంటుంది. ‘నేను మీద కోపమా’ అనదు, ‘నా మీద కోపమా’ అంటుంది. అదే పిల్ల పై తరగతులకు వచ్చేసరికి ప్రిపొజిషన్లను ఎన్నడూ ఎరగని సరుకులా చేతిలో పెడతారు. ఒక పెట్టె బొమ్మ. పెట్టెలో పిల్లి, పెట్టె మీద పిల్లి, పెట్టె కింద పిల్లి. ఆ తర్వాత బట్టీ పట్టాల్సిన జాబితా, దాని వెంట ఖాళీలు పూరించమనే ప్రశ్న. పదో తరగతి దాకా ఖాళీలే, బ్యాంకు పరీక్షలకు కోచింగు తీసుకునేటప్పుడూ ఖాళీలే.

చిక్కంతా ఆ ఖాళీల్లోనే ఉంది. ఖాళీ అడిగేది ఒక్క మాట. చదవడానికి కావలసింది ఆ మాట ఏలే బంధం. ‘ఇన్’ దగ్గర మొదలైన సంగతి ఎక్కడ ముగిసింది, ముగిశాక అది వాక్యంలో ఎవరికి చెందింది అన్నది తెలియకపోతే, ఖాళీలన్నీ సరిగ్గా నింపిన పిల్ల కూడా పొడుగు వాక్యం ముందు నిలబడిపోతుంది. ప్రిపొజిషన్లను మాటలుగా కాక బంధాలుగా నేర్పాలి. నేర్పడానికి తెలుగునే పనిముట్టుగా వాడాలి.

‘కొల్లేటిలోని లంక మీది గుడి’ అన్న మాటనే చూడండి. ఇంగ్లీషులో అది ‘ది టెంపుల్ ఆన్ ది ఐలండ్ ఇన్ కొల్లేరు’. తెలుగులో కొల్లేరు, లంక, గుడి. ఇంగ్లీషులో గుడి, లంక, కొల్లేరు. గట్టు మీద కొబ్బరిచెట్టుకు నీళ్ళలో నీడ పడ్డట్టు వరస మొత్తం తలకిందులైంది. లోపల కూడా అంతే: మనకు ‘మీద’ లంక తర్వాత వస్తుంది, వాళ్ళకు ‘ఆన్’ ఐలండ్ ముందు వస్తుంది. ప్రిపొజిషన్ అన్న లాటిన్ మాటకు అర్థమే ముందు పెట్టినది అని.

ఇది ఈ రెండు భాషలకే పుట్టిన తేడా కాదు. జోసఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ భాషావేత్త 1963లో ముప్పై భాషల్ని పక్కపక్కన పెట్టి చూసి, క్రియ చివర్న వచ్చే భాషల్లో ఇలాంటి మాటలు దాదాపు ఎప్పుడూ నామవాచకం వెనకే ఉంటాయని తేల్చాడు. తెలుగు, హిందీ, జపనీస్ అన్నీ ఆ బాపతువే. రెండు వందల ఏళ్ళ కిందట ఈ తిప్పలు అవతలివాళ్ళవి. విలియం కేరీ 1814లో, క్యాంప్‌బెల్ 1816లో, బ్రౌన్ 1840లో, మచిలీపట్నంలో మిషనరీగా ఉన్న ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణాలు ఇంగ్లీషులో రాశారు. దొరలకు తెలుగు నేర్పడానికి వాళ్ళ ఇంగ్లీషునే ఆసరాగా తీసుకున్నారు. మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికి తెలుగును ఆసరా చేసుకోవడం నామోషీ ఎందుకవ్వాలి?

వరస తలకిందులైతే వచ్చే ముప్పు ఒకటుంది, దాన్ని ఖాళీలు పూరించే ప్రశ్న ఎన్నడూ పట్టుకోదు. తెలుగులో విశేషణాలన్నీ ముందే వచ్చేస్తాయి కాబట్టి అసలు నామవాచకం చివర్న, క్రియ వైపు ఉంటుంది. ‘కాలవల్లోని నీటి మట్టం తగ్గుతోంది’ అంటే తగ్గేది మట్టం. ఇంగ్లీషులో మట్టం మొదట్లోనే వచ్చేసి, క్రియ పక్కకు కాలవలు చేరతాయి. క్రియ పక్కనున్నదే కర్త అని అలవాటు పడిన తెలుగు చెవి ‘ది లెవెల్ ఆఫ్ ది వాటర్ ఇన్ ది కెనాల్స్ ఆర్ ఫాలింగ్’ అని రాయిస్తుంది. ‘ఈజ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’ వచ్చి పడుతుంది. ఇందులో పిల్ల మొద్దుతనమేమీ లేదు. సొంత భాషలో పదేళ్ళు నిక్కచ్చిగా పనిచేసిన సూత్రాన్నే ఇక్కడా వాడింది.

మందు సులువే, దానికి పెన్సిల్ చాలు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ నడుస్తోంది. తెలుగు మీడియంలో చదివి అక్కడ సీటు తెచ్చుకున్న కుర్రాడి ముందుకు నీటిపారుదల పాఠంలో ఇలాంటి వాక్యం వచ్చిందనుకుందాం: ‘ది రేట్ ఆఫ్ ఫ్లో ఆఫ్ వాటర్ త్రూ ది ఛానల్ ఎట్ ది అవుట్‌లెట్ ఆఫ్ ది లేక్ డిపెండ్స్ ఆన్ ది టైడ్.’ ప్రిపొజిషన్ కనిపించిన ప్రతి చోటా బ్రాకెట్ తెరవాలి, దాని నామవాచకం అయిపోగానే మూసెయ్యాలి. ‘ఆఫ్ ఫ్లో’ ఒకటి, ‘ఆఫ్ వాటర్’ రెండు, ‘త్రూ ది ఛానల్’ మూడు, ‘ఎట్ ది అవుట్‌లెట్’ నాలుగు, ‘ఆఫ్ ది లేక్’ ఐదు, ‘ఆన్ ది టైడ్’ ఆరు. ఆరు బ్రాకెట్లూ వేలితో మూస్తే మిగిలేది ‘ది రేట్ డిపెండ్స్’. వేగం ఆధారపడి ఉంటుంది. వాక్యం వెన్నెముక అదే.

ఇప్పుడు క్రియకు ముందున్న బ్రాకెట్లను కుడి నుంచి ఎడమకు విప్పుకుంటూ పోతే తెలుగు దానంతటదే వస్తుంది: సరస్సు ముఖం దగ్గర కాలవలోంచి నీటి పారుదల వేగం. చివర్న ‘ఆన్ ది టైడ్’ ఉందే, దానికి తెలుగు ‘పోటును బట్టి’. ఆ ‘బట్టి’ పంచమీ విభక్తి పట్టికలో ‘పట్టి’గా మనం ఎప్పుడో వల్లె వేసిందే. వాక్యంలోని సంగతి కూడా కొల్లేటివాళ్ళకు కొత్త కాదు. సరస్సు నీళ్ళను సముద్రంలోకి తీసుకుపోయే ఉప్పుటేరు పోటు తగిలినప్పుడు మందగిస్తుందని వాళ్ళు ఎన్‌ఐటీకి వెళ్ళకుండానే చెబుతారు.

బంధాన్ని గుర్తించాక అది ఎవరికి చెందిందో తేల్చాలి. ఇక్కడ తెలుగు చేసే సాయం ఇంగ్లీషు వ్యాకరణం కూడా చెయ్యలేదు. 2006లో కొల్లేటిలో అక్రమ చేపల చెరువుల్ని తొలగించినప్పుడు ‘దే బ్రోక్ ది బండ్స్ విత్ ఎక్స్‌ప్లోజివ్స్’ అని ఎవరైనా రాస్తే, ‘విత్’ బంధం క్రియది: పేలుడు పదార్థాలతో గట్లు తెంచారు. ‘దే బ్రోక్ ది బండ్స్ ఇన్ ది లేక్’ అని రాస్తే ‘ఇన్’ బంధం గట్లది: సరస్సులోని గట్లు తెంచారు. ఇంగ్లీషు రెండింటికీ ఒకే వేషం వేస్తుంది. తెలుగు వెయ్యదు. క్రియకు చెందితే ‘లో’, ‘మీద’, ‘తో’ అంటుంది. నామవాచకానికి చెందితే ‘లోని’, ‘మీది’, ‘ఉన్న’ అని మార్చేస్తుంది. ‘ఆటపాకలో పక్షుల్ని చూశాను’ అంటే చూడటం ఆటపాకలో. ‘ఆటపాకలోని పక్షుల్ని చూశాను’ అంటే పక్షులు అక్కడివి. ఏ ఇంగ్లీషు బంధం ఎక్కడ అతకాలో తేలనప్పుడు ‘లో’ పెట్టి ఒకసారి, ‘లోని’ పెట్టి ఒకసారి చదివి చూస్తే చాలు. అర్థం ఏ వైపు మొగ్గిందో తెలిసిపోతుంది.

ప్రిపొజిషన్‌లా కనిపించి మోసం చేసే మాటలకూ ఇదే ఉపాయం. ‘ఆఫ్టర్ ది జాతర’ అంటే జాతర తర్వాత. వెనక నామవాచకమే ఉంది, ప్రిపొజిషన్. ‘ఆఫ్టర్ ది జాతర ఎండెడ్’ అంటే జాతర ముగిశాక. వెనక క్రియ కూడా వచ్చింది, ప్రిపొజిషన్ కాదు. తెలుగులో ‘తర్వాత’ వేరు, ‘శాక’ వేరు. ‘టు ఏలూరు’లో ‘టు’ వెనక ఊరుంది, ‘టు గో’లో ‘టు’ వెనక క్రియ ఉంది. ఇక సర్వనామాల దగ్గర ఇంగ్లీషు గుట్టు పూర్తిగా బయటపడుతుంది. ‘ఆన్ ఐ’ అనరు, ‘ఆన్ మి’ అంటారు. ‘విత్ దే’ అనరు, ‘విత్ దెమ్’ అంటారు. మన ‘నేను’ ‘నా’ అయినట్టే వాళ్ళ ‘ఐ’ ‘మి’ అయింది. ఇంగ్లీషు తన ఔపవిభక్తికాల్ని ఎప్పుడో పోగొట్టుకుని ఈ గుప్పెడు సర్వనామాల్లో మాత్రం దాచుకుంది.

ఇలాంటి ఆసరా అన్ని చోట్లా పనిచెయ్యదన్నదీ ఒప్పుకోవాలి. మనం ఒక్క ‘లో’తో గడిపేసే చోట ఇంగ్లీషు మూడు నాలుగు మాటలు వాడుతుంది. కారులో అయితే ‘ఇన్’, బస్సులో అయితే ‘ఆన్’, ఏలూరు స్టేషన్‌లో అయితే ‘ఎట్’. ‘2002 నుంచి’ అన్నా ‘మూడేళ్ళ నుంచి’ అన్నా మనకు ‘నుంచి’ ఒకటే కాబట్టి ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అనేస్తాం. అక్కడ ‘ఫర్’ ఉండాలి. ‘అతనితో పెళ్ళి’ని ‘మ్యారీడ్ విత్’ చేస్తాం. వాళ్ళది ‘మ్యారీడ్ టు’. ‘గురించి చర్చించాం’ కాస్తా ‘డిస్కస్డ్ అబౌట్’ అవుతుంది. వాళ్ళకు అక్కడ ఏ మాటా అక్కర్లేదు. ఇవి సూత్రాలతో లొంగవు. చదవగా చదవగా, వినగా వినగా పట్టుబడాల్సిందే. తెలుగు ఆసరా బంధాన్ని గుర్తించడానికి, మాటను ఎంచుకోవడానికి కాదు. ఈ రెండు పనుల్నీ ఒకే ఖాళీలో కుక్కడం వల్లే పిల్లలకు రెండూ రావడం లేదు.

ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలి, మధ్యలో తెలుగు వస్తే తర్జుమా అలవాటవుతుంది అని కొందరు టీచర్ల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. ‘యొక్క’ అనే మాట ఇవాళ ప్రకటనల్లో, ఫారాల్లో ఎలా విచ్చలవిడిగా తిరుగుతోందో చూస్తే తర్జుమా చేసే చెరుపు తెలుస్తుంది. ఎవరో ‘ఆఫ్’ కనిపించిన చోటల్లా ‘యొక్క’ తగిలించారు. ఆ లెక్కన కొల్లేటికోట ‘కొల్లేరు యొక్క కోట’ అయ్యుండాలి. అయితే ఈ చెరుపు మాటకు మాట పెట్టడం వల్ల వచ్చింది. బంధానికి బంధం పెట్టినవాడు ‘ఆఫ్’ను ఒక్క ‘టి’తో సరిపెట్టగలడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వు 2019లో వచ్చింది, 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, వాదన ఆ తర్వాతా సాగింది. మీడియం ఏదైనా పిల్ల తలలో ముందునుంచీ ఉన్నది తెలుగే. దాన్ని గుమ్మం బయట నిలబెట్టడం వల్ల ఇంగ్లీషుకు ఒరిగేదేమీ లేదు.

కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళకు ప్రిపొజిషన్ పరీక్షలో రెండు మార్కుల వ్యవహారం మాత్రమే కాదు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దు పెట్టింది ప్లస్ ఐదు కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత వరకు. ఆ ‘వరకు’ లోపల 308 చదరపు కిలోమీటర్లు పడ్డాయి. 2002లో చిత్తడి నేలల రక్షణకు కుదిరిన రామ్‌సార్ ఒప్పందం కింద గుర్తించిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. నీళ్ళు పదో కాంటూరు వరకు నిండితే కొల్లేరు పరుచుకునేది అంత మేర. 2008లో రాష్ట్ర శాసనసభ హద్దును మూడో కాంటూరుకు దించమని తీర్మానం చేసింది. ఐదు, పది, మూడు అన్న అంకెల మీదే అందరి చూపూ ఉంటుంది గానీ, ఆ అంకెల్ని నేలకు ముడిపెట్టింది ‘అప్ టు’ అన్న చిన్న మాట. దాని స్థానంలో ‘అబోవ్’ పడితే చేపల చెరువూ పక్షుల మడుగూ చోట్లు మార్చుకుంటాయి. ఇంగ్లీషులో వచ్చే జీవోలను, కోర్టు ఉత్తర్వులను ఊళ్ళో చదివి చెప్పగలిగినవాడు ఒక్కడే ఉంటే, అతను చెప్పిందే హద్దు.

అందుకని చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. ఎనిమిదో తరగతిలో తెలుగు టీచరు విభక్తులు చెప్పే వారమే ఇంగ్లీషు టీచరు ప్రిపొజిషన్లు మొదలుపెట్టొచ్చు. ఇద్దరూ ఒకే నల్లబల్ల మీద ‘కొల్లేటిలోని లంక మీది గుడి’ రాసి, ఒకరు ఎడమ నుంచి, ఒకరు కుడి నుంచి విప్పొచ్చు. ప్రశ్నపత్రంలో ఖాళీల పక్కన ఇంకో ప్రశ్న చేర్చాలి: ఒక పొడుగు వాక్యం ఇచ్చి, అందులో ప్రిపొజిషన్ బంధాలకు బ్రాకెట్లు పెట్టమని, ఒక్కోటీ నామవాచకానిదో క్రియదో చెప్పమని అడగాలి. కైకలూరు బడిలో ఆ వాక్యం ‘ది సాంక్చువరీ ఇన్ ది లేక్ ఎక్స్‌టెండ్స్ అప్ టు ది ప్లస్ ఫైవ్ కాంటూర్’ అనే ఉండొచ్చు. ‘అప్ టు’ దగ్గర బ్రాకెట్ తెరిచి ‘కాంటూర్’ తర్వాత మూసిన పిల్లకు మార్కులు టీచరు వేస్తాడు. ఆ గీత తమ చెరువు గట్టుకు ఏ పక్కన పోతుందో ఇంట్లో నాన్నను అడిగితే చెబుతాడు.