ఓడ ఎక్కే ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి

ఓపీలో ఈ మధ్య కొత్త రకం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఉద్యోగంలో చేరడానికి, అమర్‌నాథ్ యాత్రకు అడిగేవారు ఎప్పుడూ ఉన్నారు. ఇప్పుడు ఓడ ఎక్కడానికి అడుగుతున్నారు. కిందటి నెల సోంపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు భార్యతో కలిసి వచ్చారు. 68 ఏళ్లు. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. కొడుకు బెంగళూరులో ఉద్యోగం. వేసవి సెలవుల్లో పిల్లలతో పాటు అమ్మానాన్నలనూ సింగపూర్ తీసుకెళ్లాలని టికెట్లు కొనేశాడు. విశాఖలో రాత్రి విమానం, తెల్లవారి దిగగానే యూనివర్సల్ స్టూడియోస్, మర్నాడు సెంటోసా దీవి, రాత్రికి నైట్ సఫారీ, మూడో రోజు మధ్యాహ్నం ఓడ. ఓడలో మూడు రాత్రులు.

"ఓడలో తిరగడానికి పనికొస్తానని రాసెయ్యండి బాబూ, చాలు" అన్నారు మాస్టారు. ఆవిడ మాత్రం "సముద్రం మీద ఏటైనా అయితే ఏటి చేస్తాం బాబూ?" అని అడిగారు.

ఆ కాగితం చూశాక నాకు ఓడ గురించి పెద్ద భయం కలగలేదు. భయమంతా దానికి ముందున్న రెండు రోజుల మీదే. మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రయాణం అనుకుంటూ ఉంటే ఈ వారం నేను చెప్పదలుచుకున్నది ఇదే. థీమ్ పార్కులో అలసట, దాహం, అంటుకున్న జబ్బు అక్కడ బయటపడవు. ఒకటి రెండు రోజులు ఆగి, సరిగ్గా ఓడలో ఉండగా బయటపడతాయి. అందుకే పార్కును ఓడకు ముందు దొరికిన ఖాళీలో ఇరికించకండి.

ముందు నడక సంగతి. "ఎండ మనకి కొత్తా?" అంటారు. నిజమే, కళింగపట్నం గాలి పీల్చినవాళ్లకి ఉక్కపోత కొత్త కాదు. సింగపూర్ భూమధ్యరేఖకు దాదాపు ఒక డిగ్రీ దూరంలో ఉంది. అక్కడి ఎండ, తేమ మన మే నెలను మించిపోవు. కానీ మే నెల మధ్యాహ్నం మీరు ఏం చేస్తారు? తలుపులు దగ్గరగా వేసి పడుకుంటారు. పార్కులో ఆ సమయానికే క్యూలో నిలబడి ఉంటారు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూడటానికి ఉదయం నుంచి సాయంత్రం దాకా నిలబడితే మర్నాడు కాళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పార్కు రోజు అలాంటిదే. పైగా దానికి ముందు రాత్రి విమానంలో సరిగా నిద్ర ఉండదు. గడియారం కూడా రెండున్నర గంటలు ముందుకు జరుగుతుంది.

మన జిల్లాల వాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఉద్దానం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తాకిందో అందరూ చూస్తున్నదే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ జబ్బుకు ఒక్క కారణమంటూ ఇంకా తేలలేదు. కానీ ఒకటి మాత్రం స్పష్టం. అప్పటికే కొంత దెబ్బతిన్న కిడ్నీ ఒంట్లో నీరు తగ్గడాన్ని తట్టుకోలేదు. ఈ జబ్బు చాలా కాలం పైకి కనిపించదు కూడా. మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు. రక్తంలో క్రియాటినిన్ చూస్తేగానీ తెలియదు.

మాస్టారి విషయమే తీసుకోండి. బీపీకి ఆయన వాడుతున్నది టెల్మిసార్టన్, దానితో కలిపి ఇచ్చే మూత్రం బిళ్ల. మన దగ్గర చాలా సామాన్యమైన మాత్రే, మంచిదే. మోకాళ్ల నొప్పి ఎక్కువైన రోజు మందుల షాపులో డైక్లోఫినాక్ కొని వేసుకుంటారు. ఇంటి దగ్గర ఎప్పుడో ఒకసారి వేసుకుంటే సరిపోయిందేమో. పార్కులో ఎనిమిది గంటలు నడిచారనుకోండి, ఆ రోజు ఒకటి కాదు, రెండు వేసుకుంటారు. చెమటకు నీరు పోతుంది. మూత్రం బిళ్ల ఇంకొంత లాగుతుంది. బీపీ మాత్ర, నొప్పి మాత్ర కలిసి కిడ్నీలో రక్తం వడపోతకు కావలసిన ఒత్తిడిని ఇంకా తగ్గిస్తాయి. ఇంతవరకూ ఆయనకు ఏమీ తెలియదు. మూడో రోజు ఓడ ఎక్కాక వాంతులో విరేచనాలో మొదలైతే, అప్పటికి కిడ్నీలో మిగిలిన ఓపిక అయిపోయి ఉంటుంది. మూత్రం తగ్గుతుంది. అది గమనించేసరికి నడిసముద్రంలో ఉంటారు.

పెద్ద ఓడల్లో డాక్టరు, నర్సు, చిన్న క్లినిక్ ఉంటాయి. సెలైన్ పెడతారు, ఈసీజీ తీస్తారు. డయాలిసిస్ మాత్రం అక్కడ దొరుకుతుందని అనుకోవద్దు. పరిస్థితి విషమిస్తే తర్వాతి రేవులో దించి అక్కడి ఆసుపత్రికి పంపుతారు. ఆ రేవు పెనాంగ్ కావచ్చు, పోర్ట్ క్లాంగ్ కావచ్చు, ఫుకెట్ కావచ్చు. ఆ ఖర్చు మీది. మన ప్రభుత్వ ఆరోగ్య పథకాల కార్డులు అక్కడ చెల్లవు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందా, ఓడ మీద చికిత్సకు వర్తిస్తుందా, ఈ రెండూ అడిగి తెలుసుకోండి. టికెట్‌తో పాటు ఉచితంగా అంటగట్టిన బీమా కాగితాన్ని చదవకుండా మడిచి సంచిలో పెట్టుకునేవాళ్లే ఎక్కువ.

అందుకని బీపీ, షుగరు ఉన్నవాళ్లు, 60 దాటినవాళ్లు, ఉద్దానం వైపు నుంచి వెళ్లేవాళ్లయితే ఇంకా చిన్నవాళ్లు కూడా, ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు క్రియాటినిన్ చూపించుకోండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. బీపీ మాత్రల్లో కొన్ని, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి అలాంటప్పుడు ఆపమని చెప్పాల్సిన వాటిలో ఉంటాయి. ఇన్సులిన్ సంగతి అలా కాదు. దాన్ని సొంతంగా ఆపేయకూడదు.

ఇక అంటువ్యాధులు. క్రూయిజ్ ఓడ అనగానే వైద్యులకు గుర్తొచ్చే పేరు నోరోవైరస్. ఉన్నట్టుండి వాంతులు, నీళ్ల విరేచనాలు, ఒకటి నుంచి మూడు రోజులు. చాలా కొద్ది వైరస్ కణాలు చాలు, మనిషి పడిపోతాడు. ఒంట్లోకి వెళ్లిన 12 నుంచి 48 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి. ఇప్పుడు లెక్క వేయండి. శుక్రవారం పార్కులో మీ పాప రైడ్ కడ్డీ పట్టుకుని, అదే చేత్తో చిప్స్ తింది. శనివారం బాగానే ఉంది. ఓడ శనివారం మధ్యాహ్నం కదిలితే, వాంతి శనివారం రాత్రి క్యాబిన్‌లో. ఆదివారానికి తమ్ముడికి, సోమవారానికి నానమ్మకు. కిటికీ లేని ఒక గదిలో నలుగురు, ఒకటే బాత్రూమ్. ఫ్లూ అయితే ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, అదీ ఓడలోనే బయటపడుతుంది.

మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచమనడానికి ఇదొక పెద్ద కారణం. రావాల్సిన వాంతి హోటల్‌లో ఉండగానే వస్తే డాక్టరు పక్కనే ఉంటాడు, ఆసుపత్రి పక్కనే ఉంటుంది. ఒక్క రోజుతో ప్రమాదం పూర్తిగా తప్పదు గానీ చాలావరకు తగ్గుతుంది.

చేతులు కడుక్కోమంటే అందరూ జేబులోంచి శానిటైజర్ సీసా తీస్తారు. కోవిడ్ నేర్పిన అలవాటు. నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్లు కావాలి. తినే ముందు, బాత్రూమ్ తర్వాత, రైడ్ దిగిన ప్రతిసారీ. ఫ్లూ టీకా వేయించుకోవాలంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. టీకా పని మొదలు కావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

ఓడ ఎక్కేటప్పుడు ఆరోగ్యం గురించి ప్రశ్నల కాగితం ఇస్తారు. ఇక్కడ మనవాళ్లు చేసే పని నాకు తెలుసు. పిల్లాడికి పారాసిటమాల్ సిరప్ పట్టించి, జ్వరం దిగాక "ఏమీ లేదు" అని టిక్కు పెడతారు. డబ్బు పోతుందనే బాధ నాకు అర్థమవుతుంది, లక్షల్లో పెట్టిన ఖర్చు. అయినా చేయకండి. ఆ ఓడలో మూడు వేల మందికి పైగా ఉంటారు, వాళ్లలో మీ అమ్మానాన్నల వయసువాళ్లు చాలామంది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే 712 మందికి కోవిడ్ సోకింది. ఆ ఓడ కథ మొదలైంది ఒక్క ప్రయాణికుడితోనే. జబ్బు వల్ల ప్రయాణం ఆగితే డబ్బు తిరిగిచ్చే బీమా ఉంటుంది. ముందే తీసుకుంటే అబద్ధం ఆడే అవసరం రాదు.

సముద్రంలో తల తిప్పడం గురించి అందరూ అడుగుతారు గానీ అది అంత పెద్ద విషయం కాదు. పెద్ద ఓడలు అంతగా ఊగవు. 2 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఈ ఇబ్బంది ఎక్కువ. అరకు ఘాట్ రోడ్డులో వాంతి చేసుకునే పిల్లాడు మీ ఇంట్లో ఉంటే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో క్యాబిన్ అడగండి. మాత్ర అయితే తల తిరిగాక కాదు, ముందే వేయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రోమెథజైన్ ఇవ్వకూడదు. ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా ఉన్న పెద్దవాళ్లు ఇలాంటి మాత్రలు అడగకుండా వేసుకోకూడదు.

ఆడవాళ్లు ఓపీలో ఆలస్యంగా చెప్పే సంగతి ఒకటుంది. టాయిలెట్ దగ్గర క్యూ చూసి రోజంతా నీళ్లు తాగడం మానేస్తారు. రెండో రోజుకి మూత్రంలో మంట, మూడో రోజుకి చలిజ్వరం. సింగపూర్‌లో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. సీసాలో నింపుకుంటూ ఉండండి, రెండు గంటలకోసారి వెళ్లండి. నెలసరి వాయిదా వేసే మాత్రలు పక్కింటివాళ్లు చెప్పారని వేసుకోకండి. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. గర్భిణులు రైడ్లు ఎక్కకూడదు. 24 వారాలకు చేరిన గర్భిణులను, ఆరు నెలలు నిండని పసివాళ్లను చాలా ఓడల కంపెనీలు అసలు ఎక్కించుకోవు. టికెట్ కొనకముందే చూసుకోవాల్సిన విషయం ఇది.

షుగరు ఉన్నవాళ్లు ప్రయాణానికని కొత్త బూట్లు కొంటారు. కొడుకులే ప్రేమగా కొనిస్తారు. పార్కులో బొబ్బ లేస్తుంది, స్పర్శ తగ్గిన పాదానికి తెలియదు. మర్నాడు ఆ పుండుతో ఓడ మీది ఈతకొలనులో కాలు పెడతారు. పాత చెప్పులే మేలు. రోజూ రాత్రి పాదాలు చూడండి.

మందులన్నీ చేతి సంచిలో, వాటి అట్టలతో, చీటీతో సహా ఉండాలి. ఇన్సులిన్‌ను లగేజీలో వేయొద్దు. కోడీన్ కలిసిన దగ్గు మందు, నిద్రకు వాడే ఆల్ప్రాజోలం, డయాజిపాం వంటివి సింగపూర్‌కు తీసుకెళ్లాలంటే అక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. మనవాళ్లకు ఈ సంగతి చాలామందికి తెలియదు.

సింగపూర్ దాకా వెళ్లకపోయినా లెక్క ఇదే. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ఎంప్రెస్ ఓడ తిరిగినప్పుడు మన వైపు కుటుంబాలూ ఎక్కాయి. చెన్నైలో ఓడ ఎక్కే ముందు ఈస్ట్‌కోస్ట్ రోడ్డు మీది పార్కుల్లో ఒక రోజు గడపాలనుకునేవాళ్లు గుర్తుంచుకోండి, మే నెల చెన్నై ఎండ సింగపూర్ ఎండ కంటే గట్టిది.

మాస్టారి కాగితం మీద నేను చేసిన మార్పులు చెబుతాను. దిగిన రోజు హోటల్‌లో నిద్ర, సాయంత్రం పిల్లలతో కాస్త నడక. రెండో రోజు పార్కు, అదీ గేటు తీయగానే వెళ్లి మధ్యాహ్నం రెండింటికి తిరిగి రావడం. కొడుకు, కోడలు, పిల్లలు ఇంకా ఉండాలనుకుంటే ఉంటారు, పెద్దవాళ్లు మాత్రం వెనక్కి. మూడో రోజు ఏమీ పెట్టుకోవద్దు. నాలుగో రోజు ఓడ. నైట్ సఫారీ కొట్టేశాను. ఒక రాత్రి హోటల్ ఖర్చు పెరిగింది. కొడుకు ఫోన్‌లో కాస్త గొణిగాడు, ఆపైన ఒప్పుకున్నాడు. క్రియాటినిన్ 1.7 వచ్చింది. డైక్లోఫినాక్ అట్ట మాస్టారి జేబులోంచి ఆవిడే తీసి నా బల్ల మీద పెట్టారు.

వచ్చే నెల రోజుల్లో మీలో కొందరు ఇలాంటి సర్టిఫికెట్ కోసం మీ దగ్గరి డాక్టరు వద్దకు వెళ్తారు. ఓడ టికెట్ ఒక్కటే పట్టుకెళ్లకండి. ఏ రోజు ఎక్కడ తిరుగుతారో రాసిన కాగితం, ఇంట్లో అందరూ వాడే మందుల సంచి కూడా తీసుకెళ్లండి. వీలైతే టికెట్లు కొనకముందే వెళ్లండి.