సంతకం పెడితే అయిపోయినట్టేనా?

"సంతకం పెట్టావుగా, ఇంకేం మాట్లాడతావ్?" విశాఖలో పోర్టు పనికో, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికో దిగిన మన కుర్రాళ్ళకు మేస్త్రీ నేర్పే మొదటి చట్టం ఇదే. సంతలో షావుకారు మన తాతలకు చెప్పిందీ ఇదే. ఇది చట్టం కాదు, బెదిరింపు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 10వ సెక్షన్ చూడండి. ఇష్టపడి ఒప్పుకున్నాడా? 18 ఏళ్ళు నిండాయా? బదులుగా ఏమిస్తున్నారు? ఆ పని చట్టం ఒప్పేదేనా? ఇవీ అది అడిగేవి. బెదిరించో మోసగించో ఒప్పిస్తే రద్దు కోరే హక్కు మనది. మైనరుతో రాయించుకున్నదైతే అసలు ఒప్పందమే కాదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చింది.

ఏజెన్సీ భూమి సంగతి ఇంకా గట్టిది. మనం ఇష్టపడి రాసిచ్చినా 1/70 ప్రకారం గిరిజనేతరుడికి చెల్లదు. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో గనుల లీజులిచ్చింది సాక్షాత్తూ ప్రభుత్వమే. స్టాంపులున్నాయి, ముద్రలున్నాయి. 'సమత' సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ చట్టం ముందు ప్రభుత్వమూ ఒక 'వ్యక్తే'నని, గిరిజనేతరులకిచ్చిన ఆ లీజులు చెల్లవని 1997 జూలై 11న తీర్పొచ్చింది. అయినా మనలోనే కొందరు బినామీగా పేరు అరువిస్తున్నారు. సిగ్గుపడాల్సింది అక్కడ.

మాస్టర్లమైన మనమూ తక్కువేం కాదు. పిల్లలకు సంతకం నేర్పి మురిసిపోతాం. ఎక్కడ పెట్టకూడదో చెప్పం. వేసవిలో వాళ్ళు విశాఖ బస్సెక్కే ముందు ఈ ఒక్క మాటైనా చెప్పండి: కాగితం తెలుగులో చదివించుకో, నకలు అడుగు. ఇవ్వనంటే తిరుగు బస్సెక్కు.