పిలిస్తే పలికే సహాయం

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. కంప్యూటర్ ప్రోగ్రాములను రూపొందించేవారిలో పలువురు ఈ సామెతను విస్మరించినట్లు కనిపిస్తుంది. ఉత్తరం వ్రాయడానికి కూర్చున్న వ్యక్తికి తెరపై అడగని సలహా ఒకటి ప్రత్యక్షమవుతుంది. దానిని తొలగించేలోగా మరొకటి వస్తుంది. వ్రాయదలచిన వాక్యం మాత్రం మనసులోంచి జారిపోతుంది. తోడ్పడవలసిన సాధనమే ఏకాగ్రతకు భంగం కలిగించడం విచారించదగిన విషయం.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో కనిపించిన కాగితాల క్లిప్పు బొమ్మ. ఉత్తరం మొదట వ్రాసే సంబోధనను టైపు చేయగానే అది కళ్ళు తిప్పుతూ వచ్చి, ఉత్తరానికి సహాయం కావాలా అని అడిగేది. ఉద్దేశం మంచిదే. కాని నూరవ ఉత్తరం వ్రాసేవారిని కూడా మొదటి ఉత్తరం వ్రాసేవారిలాగే పలకరించడం దాని లోపం. 2001లో వెలువడిన ఆఫీస్ ఎక్స్‌పీలో, ఎవరైనా కోరితే తప్ప అది కనిపించకుండా చేశారు. ఆఫీస్ 2007 నాటికి పూర్తిగా తొలగించారు.

ఆపిల్ సంస్థ 1991లో సిస్టమ్ 7తో ప్రవేశపెట్టిన బెలూన్ హెల్ప్ కోరినప్పుడే మొదలయ్యేది. అంతవరకు మర్యాదగానే ఉన్నా, ఒకసారి మొదలుపెడితే బాణం గుర్తు దేనిని తాకినా ఒక బుడగ లేచి తెరను కప్పేది. తరువాత సర్వసాధారణమైన టూల్ టిప్ పద్ధతి ఇంతకంటె వివేకవంతమైనది. బాణం ఒక గుర్తుపై క్షణకాలం నిలిస్తేనే రెండు మూడు మాటల వివరణ కనిపిస్తుంది, కదిలిస్తే మాయమవుతుంది. ఆ క్షణకాలమే ఇందులోని కీలకం. ఆగినవారు బహుశా సందేహంలో ఉన్నారు. చకచకా సాగేవారికి వివరణ అక్కరలేదు. అక్షరదోషం క్రింద కనిపించే ఎర్రని అలల గీత కూడా ఇటువంటిదే. అది తప్పును చూపుతుందే గాని చేతిని ఆపదు.

ఏమీ తెలియనివారికి ఏమి అడగాలో కూడా తెలియదు కదా అన్న ఆక్షేపణ సహేతుకమైనదే. అయితే దానికి సమాధానం మరిన్ని సలహాలు కాదు. ఐబీఎం సంస్థలో జాన్ కెరోల్, కెరోలిన్ కారిథర్స్ 1984లో ప్రచురించిన పరిశోధన ఇందుకు నిదర్శనం. కొత్తవారు సాధారణంగా పొరబడే మార్గాలను వారు ముందే మూసివేశారు. ఆ మీటలను ఎంచుకుంటే, ప్రస్తుతం ఇది పనిచేయదన్న చిన్న సందేశం మాత్రమే వచ్చేది. ఆ విధంగా నేర్చుకున్నవారు పనిని త్వరగా పూర్తిచేయగలిగారు. తప్పు జరిగినా వెనుకకు మళ్ళించే సదుపాయం ఉంటే భయం ఇంకా తగ్గుతుంది. సంకోచం లేకుండా ప్రయత్నించగలగడమే అసలైన సహాయం.

దేశాంతరంలో పిల్లలు, స్వస్థలంలో తల్లిదండ్రులు ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. మనుమరాలి ముఖం చూడాలని తెర ముందు కూర్చున్న అమ్మమ్మకు, మధ్యలో ఆంగ్లంలో వచ్చిపడే ప్రకటన అర్థం కాదు. ఏ మీట నొక్కితే ఏమి చెడిపోతుందోనన్న భయంతో, అవతల దేశంలో కొడుకు నిద్రలేచేవరకు వేచి ఉంటుంది. పైగా ‘ఇవన్నీ నాకు రావులే నాయనా’ అని తననే నిందించుకుంటుంది. దోషం ఆమెది కాదు, ఆ తెరను రూపొందించినవారిది.

ప్రవాసాంధ్రులలో ఈ వృత్తినే జీవనాధారం చేసుకున్నవారు ఎందరో ఉన్నారు. తాము నిర్మించే తెరపై ఒక సలహాను ఉంచేముందు, పని మధ్యలో అది అడ్డువస్తే తమ తల్లి ఏమి చేస్తుందో వారు ఒక్క క్షణం ఊహించుకోవాలి. అది ఆమె చదవగల భాషలో ఉండాలి, కోరినప్పుడు దొరకాలి, వద్దన్నప్పుడు తొలగిపోయి, మళ్ళీ పిలిచేవరకు రాకుండా ఉండాలి. ఇందుకు గొప్ప గణితం అక్కరలేదు. ఎదుటివారి పనిపట్ల గౌరవం ఉంటే చాలు.