పాలపిట్ట నీలం

విజయదశమినాడు పాలపిట్టను చూడటం మనకు ఆనవాయితీ. కొమ్మమీద ముడుచుకు కూర్చుంటే మట్టిరంగుగా కనిపించే పిట్ట, రెక్క విప్పిందంటే నీలం, దానిపక్కన లేతనీలం!

ఆ నీలం ఏ రంగు పూస్తే వచ్చిందనుకున్నారు? అందులో నీలిరంగన్నదే లేదండీ. ఆ ఈకను మెత్తగా నూరితే నీలిపొడి రాదు, మట్టిరంగు పొడి వస్తుంది. ఈక మన గోళ్లలాంటి పదార్థమే. దాని లోపల కంటికానని సందులు, వాటినిండా గాలి. వెలుగులోని నీలపు అలల్ని ఆ సందులు వెనక్కు తిప్పికొడతాయి. తక్కినవాటిని అడుగునున్న మెలనిన్ అనే నల్లని పదార్థం మింగేస్తుంది. నూరితే సందులు చెదిరిపోతాయి, వాటితో నీలమూ పోతుంది. 1934లో సి.వి. రామన్ గారు పరిశీలించి వ్యాసం రాసింది ఈ పిట్ట ఈకలమీదనే.

చిలక సంగతి మరీ తమాషా. దాని ఈకలో నిజంగానే పసుపురంగు పదార్థం ఉంది. దానికింద పాలపిట్ట తరహా నీలం ఉంది. రెండూ కలిస్తే ఆకుపచ్చ. పసుపునూ ఆకునూ కూడా ‘పచ్చ’ అనే మన భాషను చూసి, తెలుగు పంతుల్ని గనక, నాకు ముచ్చటేసింది.

పండుగనాడు కొందరు ఈ పిట్టల్ని పట్టి, కాళ్లు కట్టి, రెక్కలు కత్తిరించి, ఇంటింటా చూపించి డబ్బులడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అయినా మనమిచ్చే రూపాయేగా మళ్లీ వల కొనేది! నేను ఇవ్వను. కత్తిరించిన ఈక గోరులా పెరగదు. అది రాలి కొత్తది మొలిచేదాకా ఆ పిట్ట ఎగరలేదు.