డబ్బా టీవీ చేసిన పాపం ఏంటి?

"పాత టీవీనా? తీసి పారేసి కొత్తది కొనుక్కోండి సార్."

చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్‌ని ఇంట్లో ఉన్న డబ్బా టీవీకి ఎలా తగిలించాలి అని ఎవర్ని అడిగినా వచ్చే మొదటి జవాబు ఇదే. షాపువాడు అన్నాడంటే అర్థం ఉంది, వాడికి సరుకు అమ్ముడుపోవాలి. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ వెలగబెట్టి వచ్చి మన పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు కూడా ఇదే మాట అంటారు చూశారూ, అక్కడ మండుతుంది నాకు. నాలుగేళ్ళ చదువులో ఆ పసుపు పిన్నులోంచి ఏం వెళ్తుందో ఒక్క చాప్టరన్నా చదివే ఉంటారు కదా!

నేననేది ఏంటంటే, చాలాసార్లు ఆ టీవీకి చేతకాక కాదు. మెషీన్ తయారుచేసినవాళ్ళు తలుపేసుకుని కూర్చోబట్టి. నింద మాత్రం పాపం టీవీ మీద పడుతుంది.

నమ్మకపోతే సోనీ వాళ్ళ పీఎస్పీ సంగతి చూడండి. 2004లో జపాన్లో వచ్చిన మొదటి మోడల్‌కి టీవీ అవుట్ లేనే లేదు. సరే, పోనీ. 2007లో సన్నగా చేసి 2000 మోడల్ వదిలారు, "టీవీకి కూడా పెట్టుకోవచ్చు" అన్నారు. కేబుళ్ళు విడిగా అమ్మారు. అందులో ఒకటి మనందరికీ తెలిసిన పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కాంపోజిట్ కేబుల్. ఇంకోటి అయిదు పిన్నుల కాంపొనెంట్ కేబుల్. మూడు పిన్నులది డబ్బా టీవీకి పెడితే మెనూ వస్తుంది, ఫోటోలు వస్తాయి, సినిమా కూడా వస్తుంది. ఆట మొదలెడితే మాత్రం రాదు. గేమ్ మెషీన్ అండీ అది! టీవీలో ఆట తప్ప అన్నీ వస్తాయి.

కారణం అడిగితే "ఆటలు ప్రోగ్రెసివ్ సిగ్నల్లోనే బయటికొస్తాయి, మీ టీవీ దాన్ని తీసుకోలేదు" అన్నారు. ఇందులో సగం నిజం ఉంది. మన పాల్ పద్ధతి డబ్బా టీవీ సెకనుకి 15,625 గీతలు గీస్తుంది. ఒక బొమ్మని రెండు విడతలుగా వేస్తుంది, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. దీన్నే ఇంటర్‌లేస్ అంటాం. 480పి అంటే బొమ్మంతా ఒకే విడతలో గియ్యాలి, దానికి సెకనుకి దాదాపు 31,500 గీతలు కావాలి. డబ్బా టీవీ ఆ వేగం అందుకోలేదు, ఒప్పుకుంటాను.

మరి అదే మెషీన్ అదే కేబుల్లోంచి సినిమాని ఇంటర్‌లేస్ చేసి ఎలా పంపిస్తోంది? చెయ్యగల సర్క్యూట్ లోపల ఉన్నట్టే కదా? ఏడాది దాటాక 2008లో 3000 మోడల్ వచ్చింది, మూడు పిన్నుల కేబుల్లోంచి ఆటలు కూడా వచ్చేశాయి. ఈలోగా సోనీతో ఏ సంబంధం లేని కుర్రాళ్ళు ఫ్యూసా అని ఒక ప్లగిన్ రాసి, కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించిన 2000 మోడల్లోనే మామూలు టీవీ మీద ఆటలు ఆడి చూపించారు. చిప్పు మారలేదు, టీవీ మారలేదు, కేబుల్ మారలేదు. మారింది కోడ్. అంటే అప్పటిదాకా "సాధ్యం కాదు" అన్నది, "మేం చెయ్యదలుచుకోలేదు"కి మర్యాద పేరన్నమాట. బొమ్మ అదురుతుంది, చిన్న అక్షరాలు చదవలేరు అని భయపడ్డారేమో. అలాగైతే ఒక హెచ్చరిక చూపించి ఆడుకోనివ్వాల్సింది. (కాంపొనెంట్ కేబుల్ కొన్నవాళ్ళకి ఒరిగింది కూడా అంతంత మాత్రమే లెండి. 480 బై 272 బొమ్మని 720 బై 480 ఫ్రేము మధ్యలో పెట్టి, చుట్టూ నల్ల బోర్డరు కట్టి ఇచ్చారు. పెద్ద టీవీలో చిన్న కిటికీ.)

2007 అంటే మన ఊళ్ళల్లో ఏ ఇంట చూసినా డబ్బా టీవీయే. అమెరికా నుంచి ఆన్‌సైట్ బాబాయి సూట్‌కేసులో తెచ్చిన ఖరీదైన మెషీన్ ఆ టీవీకి ఆట చూపించదు. బజార్లో కొన్న, పేరూ ఊరూ లేని కేసెట్ వీడియో గేమ్, అదే, కేసెట్ మీద 9999 ఆటలు అని అచ్చేసి లోపల పాతిక ఆటలుండేది, అది మాత్రం ఏ టీవీకైనా పనిచేసేది. పసుపు రంధ్రం లేని టీవీ అయితే యాంటెన్నా రంధ్రంలో గుచ్చేవాళ్ళం. ఎవర్నీ పర్మిషన్ అడిగేది కాదు అది.

అంతకుముందు చేతిలో పట్టే మెషీన్లు ఇలా చెయ్యలేకపోయాయా అంటే, అదీ కాదు. సెగా వాళ్ళు 1995లోనే నోమాడ్ అనే దానికి టీవీ అవుట్ పెట్టి అమెరికాలో అమ్మారు. పదహారేళ్ళ తర్వాత, 2011 డిసెంబరులో, సోనీ పీఎస్ వీటా వచ్చింది. దానికి అసలు టీవీ అవుటే తీసేశారు. 2013లో ఆ ఆటలే టీవీలో ఆడుకోడానికని పీఎస్ వీటా టీవీ అని ఇంకో డబ్బా అమ్మారు! టచ్ స్క్రీన్ మీద ఆధారపడ్డ ఆటలు కొన్ని అందులో నడవనే లేదు.

ఇప్పుడు అందరి దగ్గరా యూఎస్‌బీ-సీ ఉంది కదా, గొడవ తీరిపోయింది అనుకుంటున్నారా? 2019 నాటి స్విచ్ లైట్‌కి ఆ రంధ్రం ఉంది, బొమ్మ మాత్రం బయటికి రాదు. ముందే చెప్పి అమ్మారు కాబట్టి దాన్ని మోసం అనను. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 సంగతే నాకు మింగుడుపడలేదు. రంధ్రం మామూలుదే, కానీ డాక్‌తో తనకి మాత్రమే తెలిసిన భాషలో ఏదో మాట్లాడుకుంటే గానీ టీవీకి బొమ్మ వదలదు. వచ్చిన కొత్తలో మామూలు హబ్బులు పెట్టినవాళ్ళందరికీ నల్ల తెరే మిగిలింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌ని చూడండి, డిస్‌ప్లేపోర్ట్ మోడ్ ఉన్న ఏ హబ్ పెట్టినా బొమ్మ వస్తుంది. మరి వాళ్ళకి సాధ్యమైంది వీళ్ళకి ఎందుకు కాలేదు?

"ప్రతి పాత రంధ్రాన్నీ ఎన్నాళ్ళు మొయ్యాలి? టెస్టింగ్ ఎవడు చేస్తాడు? ఖర్చెవడు పెడతాడు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఈ రోజుల్లో పసుపు రంధ్రం పెట్టమనడం లేదు మహాప్రభో. స్టాండర్డ్ సిగ్నల్ ఒకటి అందరికీ అందేలా బయటికి వదలండి, మిగతాది కొన్ని వందల రూపాయల కన్వర్టర్ చూసుకుంటుంది అంటున్నాను. టెస్ట్ చెయ్యకపోవడం వేరు, పనిచెయ్యకుండా పనిగట్టుకుని కోడ్ రాయడం వేరు. మొదటిది బడ్జెట్, రెండోది బుద్ధి. అనలాగ్ తనంతట తనే చచ్చిపోయిందని కూడా అనకండి. బ్లూరే ప్లేయర్లకి లైసెన్సు ఒప్పందంలో తేదీలు వేసి మరీ చంపారు: 2010 తర్వాత తయారైనవాటికి అనలాగ్‌లో తక్కువ నాణ్యత బొమ్మే, 2013 తర్వాతవాటికి అదీ లేదు.

ఈ గోల మనకెందుకు అంటారా? ఆ "సపోర్ట్ చెయ్యదు" అనే వాక్యం టైప్ చేసేది మనమే కాబట్టి. ఏదో ఒక ఆఫీసులో, ఏదో ఒక స్ప్రింట్‌లో, మనలాంటివాడే ఆ ఇఫ్ కండిషన్ రాస్తాడు. పైవాడు చెప్పాడు, రాశాను అనుకుంటాడు. సాయంత్రం అదే మనిషి ఊళ్ళో నాన్నకి ఫోన్ చేసి "ఆ టీవీ మార్చెయ్యండి నాన్నా" అంటాడు. బాగా నడుస్తున్న టీవీ! ఆ గాజులో సీసం ఉంటుంది, పాత సామాన్లవాడి చేతికెళ్ళి పగిలితే ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందో మనకి పట్టదు.

ప్రయత్నించేవాళ్ళ కోసం: మెషీన్ బొమ్మ వదిలే రకమైతే, హెచ్‌డీఎమ్ఐ ఉన్న యూఎస్‌బీ-సీ హబ్, దాని వెనక హెచ్‌డీఎమ్ఐ నుంచి ఏవీకి మార్చే కన్వర్టర్, ఆ వెనక పసుపు, ఎరుపు, తెలుపు. ఏవీ నుంచి హెచ్‌డీఎమ్ఐకి మార్చే కన్వర్టర్ కూడా అచ్చం అలాగే ఉంటుంది, మీద రాసింది చదివి మరీ కొనండి. షాపువాడు రెండూ ఒకటే అంటాడు, కావు. బొమ్మ నిలువుగా సాగి మనుషులు పొట్లకాయల్లా కనిపిస్తే, టీవీ 4:3 కాబట్టి, ఆటలో ఆ సెట్టింగు ఉందేమో వెతకండి. అంచులు కాస్త తెగుతాయి, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి, అది ఆ టీవీ హద్దు. రంగులు రాకుండా నలుపు తెలుపులో వస్తే కన్వర్టర్ పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న స్విచ్ ఉంటుంది, పాల్ వైపుకి జరపండి. గోటితో జరపాల్సొస్తుంది, అంత చిన్నది :)